మా ఆయన మడమ

మా పక్కింటి కోడలు ఈ మధ్య పొద్దున్నే లేచి పరుగెత్తుతోంది. వికారాబాదులో ఇప్పుడు ఇదొక వేడుక. ఆదివారం వచ్చిందంటే హైదరాబాదు నుంచి కార్లలో దిగి, రంగురంగుల బూట్లు తొడుక్కుని, అనంతగిరి రోడ్డు మీద ఆడా మగా ఉరుకుతూ ఉంటారు. ఎవరూ తరమడం లేదు, ఎక్కడికీ ఆలస్యం కావడం లేదు, ఊరికే ఉరకడం. ఈ అమ్మాయి కూడా ఏదో పెద్ద పందేనికి పేరిచ్చిందట. మొన్న పెరుగు తోడు కోసం వాళ్ళింటికి వెళ్తే, కుర్చీలో కూర్చుని, గడ్డకట్టిన నీళ్ళసీసా ఒకటి కింద పెట్టుకుని అరికాలితో ముందుకీ వెనక్కీ దొర్లిస్తోంది. ఏమైందమ్మా అంటే, మడమ నొప్పి అమ్మమ్మా, పొద్దున లేవగానే అడుగు పెట్టలేను, కాసేపు నడిస్తే పోతుంది, సాయంత్రానికి మళ్ళీ వస్తుంది అంది. డాక్టరు దానికి పెట్టిన పేరు కూడా చెప్పింది గాని నాకు నోరు తిరగలేదు. పేరు తెలియకపోయినా ఆ నొప్పి నాకు బాగా తెలుసు. అరవై ఏళ్ళ కిందట, తాండూరులో, అది మా ఇంట్లో రెండు నెలలు కాపురముంది. నాకు కాదు, మా ఆయనకు.

మా ఆయన అప్పుడు తాండూరు బడిలో డ్రిల్లు మాస్టారు. ఇంకా ఖాయం కాని డ్రిల్లు మాస్టారు అనాలి. మావి రెండు వైపులా గొర్రెలు కాసే కుటుంబాలే. ఆయనది పూడూరు దిక్కు, మాది యాలాల్ దిక్కు. వాళ్ళ ఇంట్లో చేతికర్ర వదిలి ఈల పట్టిన మొదటి మనిషి ఆయనే. అందుకని నేను కాపురానికి వచ్చిన రోజే మా అత్తమ్మ నాకో పాఠం చెప్పింది. పంతులు భార్యవి, మొగుణ్ణి 'మీరు' అనాలి అని. మా ఇళ్ళలో మొగుణ్ణి 'నువ్వు' అనే అంటాం, అందులో చిన్నచూపేమీ లేదు. కాని పంతుళ్ళ సంగతి వేరట. ఆ 'మీరు' నన్ను కొత్త చెప్పులా కరిచింది. బయట మీరు, లోపల మీరు, పొయ్యి దగ్గర మీరు. కోపం వచ్చినప్పుడు మాత్రం నోరు దానంతట అదే 'నువ్వు'లోకి జారిపోయేది.

మేమూ మా అత్తమ్మా ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు. తాండూరు ఇల్లు ఎలా ఉంటుందో చూడనివాళ్ళకు చెప్పాలి. నేల బండ, గోడ బండ, కప్పు బండ, బయట కూర్చునే అరుగు బండ, బట్టలుతికేది బండ, కారం నూరేది బండ. ఊరి చుట్టూ బండల గనులు కాబట్టి ఇటుక అన్నది అక్కడ అపురూప వస్తువు. నేను మట్టి నేల మీద, గొంగళ్ళ మీద పెరిగినదాన్ని. చలికాలంలో ఆ నేల మీద కాలు పెడితే ప్రాణం జివ్వుమనేది. మా ఆయనకు మాత్రం ఆ నేల చూసి గర్వం. మట్టి ఇంట్లోంచి వచ్చాను, బండలింట్లో ఉన్నాను అని.

ఆ గర్వానికే ముప్పు వచ్చింది. హైదరాబాదులో శిక్షణ పొంది సర్టిఫికెట్లు పట్టుకున్న డ్రిల్లు మాస్టార్లు అప్పుడప్పుడే తయారవుతున్నారు. మా ఆయన దగ్గర ఈల తప్ప ఏ కాగితమూ లేదు. పెద్ద మాస్టారు సాయిబు. ఎంత ఎండలోనూ షేర్వానీ గుండీ విప్పని మనిషి. మా ఆయనంటే ఆయనకు ఇష్టం. ఒకరోజు గదిలోకి పిలిచి చెప్పాడట. "చూడు మియా, నీకు సర్టిఫికెట్ లేదు. వికారాబాద్ల పరుగు పందెం పెడ్తున్రు. మొదటి పదిమందిల రా. పైకి రాయనీకి నా చేతిల ఏదన్న ఉండాలె గద." పందెం వికారాబాదు స్టేషన్ నుంచి అనంతగిరి గుట్ట ఎక్కి, దిగి, మళ్ళీ స్టేషన్ దాకా. ఎనిమిది మైళ్ళకు తక్కువ ఉండదు. పదిమందిలో రాకపోతే ఎండాకాలం సెలవుల తర్వాత ఆ ఈల ఇంకొకరి మెడలో ఉంటుంది, మా ఆయన పూడూరుకు పోయి మళ్ళీ మంద వెనక నడుస్తాడు. గొర్రెలు కాయడం తక్కువ పని అని నేను ఎన్నడూ అనుకోలేదు. ఆయన అనుకున్నాడు. అందుకే ఆయన ముఖం చూస్తే నాకు భయమేసింది.

మర్నాటి నుంచే పరుగు మొదలు. తెల్లారకముందే లేచి, సుద్ద రాసి తెల్లగా చేసిన కాన్వాసు బూట్లు తొడుక్కుని, యాలాల్ రోడ్డు వెంట పోయి వచ్చేవాడు. మొదటి రెండు వారాలు బాగానే గడిచాయి. తర్వాత ఒకనాడు పడక దిగి, కుడికాలు నేల మీద పెట్టి, పాము కరిచినట్టు వెనక్కి తీశాడు. గోడ పట్టుకుని కుంటుతూ బయటికి పోయాడు. కాసేపటికి మామూలుగా నడిచి వచ్చాడు. ఆ రోజు జొన్నల సంచి పిండి గిర్నీకి మోసుకుపోవలసి ఉంది కాబట్టి నేను ఆ కుంటు నమ్మలేదు. మరునాడు జొన్నలు లేవు, కుంటు ఉంది. అప్పుడు నాకు ఆశ్చర్యం మొదలైంది. ఏ నొప్పయినా పడుకుంటే తగ్గుతుంది గాని, పడుకుంటే పెరిగే నొప్పి ఏమిటి? కాలు ఒళ్ళో పెట్టుకుని వెతికాను. ముల్లు లేదు, పగులు లేదు, ఆనెకాయ లేదు. బొటనవేలితో మడమ కింద ఒకచోట నొక్కితే మాత్రం ఎగిరిపడ్డాడు. ఆయన బడికి పోయాక ఆయన బూటు తీసి అడుగు చూశాను. ఇంటి ముందు బండల పొడి మీద పడిన అడుగుజాడలు కూడా చూశాను. కుడి మడమ జాడ దాదాపు లేదు, వేళ్ళ వైపు మాత్రం లోతుగా దిగింది. ఎందుకు చూశానంటే చెప్పలేను. అడుగులు చూడడం మా పుట్టింట్లో అందరికీ ఉన్న అలవాటు.

మా అత్తమ్మకు ఇలాంటి ఆశ్చర్యాలు లేవు, ఆమె దగ్గర మందు ఉంది. మడమకు ఆముదం రాసి, జిల్లేడు ఆకు వేసి, కాల్చిన ఇటుక మీద తొక్కించాలి. ఇటుక దొరకలేదు. ఒక బండముక్క తెచ్చి పొయ్యిలో పెట్టింది. నేను రొట్టెలు చేస్తున్నాను. కాసేపటికి ఆ బండ పటేల్మని పేలి, పొయ్యిలో బూడిదంతా లేచి జొన్నరొట్టెల మీద పడింది. మా ఆయన ఒంటికాలి మీద గెంతి అరుగు మీదికి పోయాడు. అత్తమ్మ ఏమాత్రం చలించక, ఇది పనిచేయకపోతే సూది కాల్చి చురక పెడతానంది. చిత్రం, మర్నాటికల్లా మా ఆయన నొప్పి పూర్తిగా మాయమైంది. తక్కువైందమ్మా అని తల్లికి చెప్పి, బూట్లు తొడుక్కుని పరుగుకు పోయాడు. అత్తమ్మ తన మందు గురించి వాడకట్టంతా చెప్పుకుంది.

నేనూ నమ్మేదాన్నే. కాని రెండురోజుల తర్వాత బట్టలుతకడానికి కాగ్నా నదికి పోతే, దూరంగా రోడ్డు మీద ఆయన పరుగెత్తుతూ కనిపించాడు. కాళ్ళు కంపచెట్ల చాటున ఉన్నాయి. తల మాత్రం కనిపిస్తోంది. అది చూసి చేతిలో బట్ట అలాగే పట్టుకుని నిలబడిపోయాను. మా బాపు చిన్నప్పుడు నాకు నేర్పిన విద్య ఒకటుంది. రెండు వందల గొర్రెలు కదులుతున్నప్పుడు ఏది కుంటుతోందో కాళ్ళు చూసి పట్టలేం. తలలు చూడాలి. నొప్పి ఉన్న కాలు నేలకు తగిలినప్పుడు తల పైకి లేస్తుంది, మంచికాలు పడినప్పుడు కిందికి దిగుతుంది. ఎంత చిన్న నొప్పయినా సరే, అడుగడుగుకూ ఆ ఊపు ఉంటుంది. మా ఆయన తల అచ్చం అలాగే ఊగుతోంది. కుడి అడుగుకు పైకి, ఎడమ అడుగుకు కిందికి. నవ్వూ వచ్చింది, బాధా కలిగింది.

ఆ వారం మా బాపు మంద తాండూరు దగ్గరే ఒక రైతు పొలంలో ఎరువు కోసం పెట్టి ఉంది. రొట్టె కట్టుకుని పోయి, మాటల్లో మాటగా, ఒక గొర్రెకు ముందుకాలు నొస్తోంది, ముల్లు లేదు, పుండు లేదు, పొద్దున లేవగానే ఎక్కువ కుంటుతోంది, ఏం చేయాలి అని అడిగాను. బాపు చుట్ట ఆర్పకుండా అడిగాడు.

"ఎవరి మందల, బిడ్డా?"

"మా ఇంట్ల."

మా ఇంట్లో గొర్రెలు లేవని బాపుకు తెలుసు. అయినా మందవైపే చూస్తూ చెప్పాడు. "బండల మీద తిప్పకు. నాలుగు దినాలు దొడ్లెనే ఉంచు. మల్ల ఇసుకల నడిపియ్యి, జరంత జరంత పెంచు. మేత మంచిగ తింటున్నదా?" మస్తుగా తింటోంది అన్నాను. "గట్లయితె ఫికర్ లేదు" అన్నాడు.

ఈ వైద్యం మా ఆయనకు చెప్పడమే కష్టమైంది. పందెం ఇంకా ఇరవై రోజులుంది, నాలుగు రోజులు కూర్చోమంటే వింటాడా? పైగా చెప్పింది ఎవరంటే, మంద వెనక తిరిగే మామ. ఆయన ముఖం ఎర్రబడింది. నొప్పి లేనే లేదన్నాడు. ఉన్నా, "నేనేమన్న గొర్రెనా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది.

"గొర్రెవు కావు. గొర్రె అబద్ధమాడది. నీ మడమ తక్కువ కాలే. నువ్వు చెప్పకున్నా నీ తల చెప్తున్నది."

'నువ్వు' అన్నందుకు ఏమైనా అంటాడనుకున్నాను. ఆయన దాన్ని పట్టించుకోలేదు. తల ఏం చెప్తోంది, ఎలా చెప్తోంది అని అడిగాడు. నేను విడమరిచి చెప్పాను. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు కుంటుతూ నడిచి చూపించాను. ఆయన నడిచాడు, నేను పైకి, కిందికి అని చెప్తూ వచ్చాను. మర్నాడు బడిలో పిల్లల్ని పరుగెత్తించి తలలు మాత్రమే చూశాడట, కాలి వేలికి దెబ్బ తగిలినవాణ్ణి వాడు నోరు విప్పకముందే పట్టుకున్నాడట. ఇంటికి వచ్చి చిన్నపిల్లాడిలా చెప్పుకున్నాడు. ఆ రోజు నుంచి నా మాట విన్నాడు. నాలుగు రోజులు కూర్చున్నాడు, తర్వాత కాగ్నా ఇసుకలో వట్టి కాళ్ళతో పరుగెత్తాడు. మామ పేరు ఎత్తలేదనుకోండి.

కాని ఆయనకు ఇంకో ఆలోచన పట్టుకుంది. నేను కనిపెట్టినట్టే పందెంలో పక్కవాడు కనిపెడితే? వీడు కుంటుతున్నాడు, దాటిపోవచ్చు అనుకుంటే? తల ఊగకుండా పరుగెత్తాలి, ఎలా? ఉపాయం నా దగ్గరే ఉంది. ఆడవాళ్ళం నెత్తి మీద బిందెతో మైలు దూరం నడుస్తాం, కాలికి రాయి గుచ్చుకున్నా చుక్క తొణకదు. ఊపంతా నడుములో ఆపుకోవాలి, మెడ దాకా రానీయకూడదు. చుట్టకుదురు పెట్టి, సగం నీళ్ళతో బిందె ఆయన నెత్తికెత్తాను. మొదటిరోజు బండల నేలంతా చెరువైంది. అత్తమ్మ చూసి, నా కొడుకు చేత నీళ్ళు మోయిస్తున్నావా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పదిరోజులకు ఆయన బిందెతో వాకిట్లో చిన్నగా పరుగెత్తాడు. ఒక్క చుక్క పడలేదు. నేను చప్పట్లు కొట్టాను. మా కాపురంలో అంతకంటే సంతోషంగా ఉన్న రోజులు ఎక్కువ లేవు.

పందెంనాడు పొద్దున ప్యాసింజరుకు వికారాబాదు వెళ్ళాం. నేనూ అత్తమ్మా గుట్ట కింది మలుపు దగ్గర నిలబడ్డాం. పైకి పోయినవాళ్ళు ఒక్కొక్కరే దిగి వస్తున్నారు. అందరి తలలూ తలో తీరుగా ఊగుతున్నాయి. వాళ్ళ మధ్య మా ఆయన, నెత్తి మీద నిండు బిందె ఉన్నట్టు, నిటారుగా వస్తున్నాడు. నేను కళ్ళు చిట్లించి చూశాను. పైకి లేదు, కిందికి లేదు. నొప్పి పోయింది, బాపు మాట నిజమైంది అని అత్తమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆయన తొమ్మిదోవాడిగా వచ్చాడు. సాయిబు వచ్చి భుజం తట్టి వెళ్ళాక, ప్లాట్‌ఫారం మీద కూర్చుని బూటు విప్పాడు. మడమ ఉబ్బి, అడుగంతా నల్లగా కమిలి ఉంది. ఎక్కడ మొదలైందని అడిగాను. "గుట్ట ఎక్కకముందే" అన్నాడు. అంటే నా ముందు నుంచి పోయినప్పుడు ఒక్కొక్క అడుగూ నిప్పుల మీద వేసినట్టే వేశాడు. నాకు తెలియలేదు. రైలు ఎక్కించడానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. ఆ రోజు నాకు కలిగింది మాత్రం గర్వమే. నా శిష్యుడు నన్నే మోసం చేశాడని నవ్వుకున్నాను కూడా.

ఉద్యోగం ఖాయమైంది. ఇంకో నెల ఇసుకలో నడిచాక మడమా బాగుపడింది. తర్వాత వికారాబాదుకు బదిలీ అయి ఇక్కడే స్థిరపడ్డాం. మా బాపు ఏ గొర్రెకూ ఆ గుట్టు చెప్పలేదు, అందుకే మందలో ఏ నొప్పీ ఆయన కన్ను దాటిపోలేదు. నేను చెప్పాను. చెప్పడమే కాదు, దాచుకోవడం ఎలాగో దగ్గరుండి నేర్పాను. మా రెండో బిడ్డ దక్కనినాడు నేను నేల మీద పడి ఏడుస్తుంటే ఆయన తల నిలకడగా ఉంది. నన్నొక్కదాన్నే ఏడవనిచ్చాడని చాలా ఏళ్ళు మనసులో పెట్టుకున్నాను. చివరి ఏడాది అన్నం తగ్గించాడు. ఏమైందంటే, ఏం లేదు, మంచిగనే ఉన్న అనేవాడు. వాకిట్లో నడుస్తుంటే పాత అలవాటుకొద్దీ తలవైపే చూసేదాన్ని. కదిలేది కాదు. ఆసుపత్రిలో డాక్టరు, ఈ కడుపునొప్పితో ఇన్ని నెలలు మనిషి ఎలా తిరిగాడమ్మా అని నన్ను అడిగాడు. జవాబు తెలిసింది నా ఒక్కదానికే. బిందె ఎత్తుకోవడం నేర్పడానికి నాకు పదిరోజులు పట్టింది. ఆయన నెత్తి మీంచి దాన్ని దించడానికి నలభై ఏళ్ళు చాలలేదు.