పల్చటి పాల మీద ఫిర్యాదు

తన పెళ్లిని తానే ఎట్లా చెడగొట్టుకోవాలో నేర్చుకోవాలని ఎవరికైనా సరదా ఉంటే నన్ను అడగండి. నాలుగు అరటిపండ్లు, ఒక గిన్నెడు సాబుదాన ఖిచ్డి, ఒక గ్లాసు పాలు చాలు. ఇంకాస్త ఉంటే అదే ఖర్చులో నా ప్రాణం కూడా పోయేది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. పెద్దపల్లిలో బాపు పక్కన మగ్గం మీద కూర్చోవాల్సినవాణ్ని, పోలీసు చర్య అయిన కొన్నేళ్లకు ఫౌజులో చేరాను. పెట్టెలు మోసి మోసి హెర్నియా తెచ్చుకున్నాను. ఆదిలాబాద్ శివారులో ఆ రోజుల్లో ఫౌజువాళ్లకు చిన్న దవాఖాన ఒకటి ఉండేది, నన్ను అందులో పడేశారు. ఆపరేషన్లు చేసే మేజర్ గారు సికింద్రాబాద్ నుంచి పదిహేను రోజులకు ఒక్కసారే వచ్చేవారు.

నా పెళ్లికి ఇంకా నెలా పది రోజులుంది. ఆపరేషన్ అయ్యాక నెల రోజులు మంచం దిగొద్దన్నారు. లెక్క అర్థమైంది కదా? ఈ విడత తప్పితే ముహూర్తం తప్పినట్టే, ఆ వెంటనే మూఢం. పిల్ల తండ్రి ముందే తేల్చి చెప్పిండు: "గా తారీఖు తప్పితే నేను ఇంకో పిలగాన్ని సూసుకుంట."

ఇంత ముప్పు నెత్తి మీద పెట్టుకొని నేనేం చేశానంటారా? వకాల్తా మొదలుపెట్టాను.

వార్డు గోడకు ఒక పెద్ద పలక వేలాడేది. దాని మీద ఉర్దూలో రెండు భాగాలు. పైన రోగికి దక్కాల్సినవి: రాసిచ్చిన తిండి, పాలు, తన జబ్బేమిటో డాక్టరును అడిగే హక్కు, పెద్ద డాక్టరు వచ్చినప్పుడు ఫిర్యాదు చెప్పుకునే హక్కు. కింద రోగి చెయ్యాల్సినవి. వార్డులో ఉర్దూ గడగడా చదివేది నేనొక్కణ్నే. పై సగం పదిసార్లు చదివి అందరికీ తెలుగులో చెప్పాను. కింది సగానికి వచ్చేసరికి నాకు ఎప్పుడూ నిద్ర వచ్చేది.

మొదటి కేసు పాలది. దవాఖాన పాలల్లో నీళ్లుండేవి అనడం మర్యాద, నీళ్లల్లో పాలుండేవి అనడం నిజం. దవాఖాన పెద్ద డాక్టరు వార్డు చూడ్డానికి రాగానే లేచి చెప్పాను. మర్నాడు పాలు చిక్కబడ్డాయి! పక్క మంచం విఠల్ నన్ను పట్టుకొని ఊపేశాడు. అతనిది ఆదిలాబాదే, ఇంట్లో మరాఠీ, వార్డులో తెలుగు.

"అరే వా! నువ్వు నర్సయ్యవు కాదు, వకీల్ సాబ్‌వి!"

అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నాకు హక్కులు వచ్చాయి, పట్టపగలే పట్టాను. దుప్పటి గరుకుగా ఉందని ఒక ఫిర్యాదు, కిటికీ కిర్రుమంటోందని ఇంకొకటి.

ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం డాక్టరు వచ్చి, "రేపు కడుపు ఖాళీగా ఉంచుకో" అని పోయాడు. మా అవ్వ, అంటే అమ్మ, పెద్దపల్లి నుంచి వచ్చి విఠల్ వాళ్లింట్లోనే దిగింది. ఆమెకు సంగతి చెప్పాను.

"గంతేనా? ఒక్కపొద్దుండు బిడ్డా. నేను సుత నీతోటి ఉంట. ఎములాడ రాజన్నకు మొక్కుకున్న."

మా ఇంట్లో ఒక్కపొద్దంటే అన్నం ముట్టకపోవడం. పలారం ఎంత తిన్నా దేవుడు లెక్కలోకి తీసుకోడు. తాతల నాటి నుంచి ఇదే చట్టం. డాక్టరు దేవుడి కన్నా గట్టివాడని నాకేం తెలుసు?

తెల్లారి అవ్వ అరటిపండ్లతో వచ్చింది. వెంట విఠల్ భార్య పంపిన గిన్నె.

"మా ఇంట్ల ఉపాసమంటె సాబుదాననే," అన్నాడు విఠల్. "మా వాయినీ, అంటె వదిన, చేసినా ఇంత మంచిగ రాదు. తిను, దమ్ము రావాలె గద!"

తిన్నాను. పల్లీలు కూడా వదల్లేదు. మీద వార్డు పాలు ఒక గ్లాసు తాగి, అవి మళ్లీ పల్చగా ఉన్నాయని మనసులో రాసుకున్నాను.

తొమ్మిది గంటలకు నన్ను బల్ల మీద పడుకోబెట్టారు. మేజర్ గారిది కోస్తా వైపు, మనిషి నెమ్మది.

"ఏమయ్యా, పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?"

"లే సార్. మెతుకు ముట్టలే." అబద్ధం కాదు, ఒట్టు!

"మంచిది. భయపడకు." మత్తుమందు మూత ముక్కు దగ్గరికి వచ్చింది. ఆయన ఆదరంగా వంగి, "చెప్పుకోవాల్సిందేమైనా ఉందా?" అన్నారు.

నాకు పలకలోని పై సగం కళ్ల ముందు మెరిసింది. పిలిచి మరీ హక్కు ఇస్తుంటే వదులుకుంటానా?

"ఉంది సార్. పొద్దుగాల పాలు మల్ల పల్చగ ఇచ్చిండ్రు."

మూత ఆగింది.

"ఏ పాలు?"

"ఖిచ్డి తిన్నంక తాగినయి సార్."

"ఏ ఖిచ్డి?"

"అరటిపండ్ల మీద తిన్నది సార్."

మేజర్ గారు చేతి తొడుగులు విప్పేశారు. కేకలు వేస్తారనుకున్నాను, వెయ్యలేదు. దానికే ఎక్కువ భయమేసింది.

"మత్తులో ఉండగా కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే చచ్చిపోతావు నర్సయ్యా. ఆ పలక కింద రాసుంది, చదవలేదా? 'ఆపరేషన్ ముందు ఏమీ తినరాదు, తాగరాదు. తింటే దాచరాదు.'"

బయట అవ్వ ఇంకా రాజన్నకు దండాలు పెడుతోంది. ఆమె చేతి అరటిపండుతోనే పోయుంటే ఆమె ఏమైపోయేది? అది తల్చుకొని నిజంగా ఏడ్చాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు చెడ్డది కాబట్టే నేనివాళ ఇది రాస్తున్నాను.

ఆపరేషన్ పదిహేను రోజులు వెనక్కి పోయింది. ముహూర్తమూ పోయింది. అన్నాళ్లూ రోజూ పొద్దున వార్డు మధ్యలో నిలబడి కింది సగం గట్టిగా చదవాలని నాకు శిక్ష వేశారు. విఠల్ పడుకొనే అరిచేవాడు: "వకీల్ సాబ్, వినపడ్తలేదు!"

పిల్ల తండ్రి అన్నమాట ప్రకారం సంబంధం తెంపుకుంటానని బయల్దేరిండట. అవ్వ పోయి జరిగిందంతా దాచకుండా చెప్పింది. తలుపు వెనక నుంచి పిల్ల పకపకా నవ్విందట. "నిజం దాసుదామన్నా దాసలేనోడు బాపూ. ఆగుదాం," అన్నదట. మూఢం పోయేదాకా ఆగారు.

పెళ్లినాడు తాళి కట్టేదాకా ఇద్దరం ఒక్కపొద్దు. మధ్యాహ్నం దాటింది, ముహూర్తం ఇంకా దూరం. అవ్వ వచ్చి చాటుగా రెండు అరటిపండ్లు నా చేతిలో పెట్టింది.

"తిను బిడ్డా, పలారానికి ఒక్కపొద్దు పోదు."

నాకు పలక కింది సగం మొత్తం గుర్తొచ్చింది. "వద్దవ్వా!" అని అరిచినంత పని చేశాను.

పక్కన పెళ్లికూతురు తల వంచుకొనే చెయ్యి చాపింది.

"గవి ఇటియ్యిండ్రి. నాకేం ఆపరేషన్ లేదు గద."

రెండూ తినేసింది. తొక్కలు నా ఒళ్లో పెట్టింది.

అందుకే ఎములాడ రాజన్న సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ పలకనైనా కింది నుంచి పైకే చదువుతాను. డాక్టరు ఖాళీ కడుపంటే ఉమ్మి కూడా మింగను. పాల మీద ఫిర్యాదు మాత్రం మాననని మనవి, ప్రాణం నిలబెట్టిన అలవాటు కదా. కాకపోతే ఇంట్లో పాలు పోసేది ఆ అరటిపండ్లు తిన్నావిడే. అక్కడ నాకు కింది సగం తప్ప పై సగం లేదు.