చెవుడని చెప్పాను

ఈ బరువు మోయడం మొదలుపెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. పేరు చెప్పను. మా ఊళ్ళో నన్ను పెద్దమనిషంటారు. తగవులొస్తే పిలుస్తారు, నా మాట మీద వాళ్ళకు నమ్మకం. అందుకే అక్కడ ఎవరికీ చెప్పలేకపోయాను. మీకు నేనెవరో తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఇది కూడా పిరికితనమే.

ఎనభైల నాటి సంగతి. మాచర్ల దగ్గర నాపరాళ్ళ గనుల్లో మా నాన్న రాయి తీసేవాడు. నేను లారీ ఆఫీసులో గుమాస్తాను. తమ్ముడు నాకంటే ఆరేళ్ళు చిన్న. పిలిస్తే వెంటనే పలకడు. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడడు. పెళ్ళిలో బాజా మొదలైతే చెవులు మూసుకుని పొలాలకు అడ్డంపడి పరిగెత్తేవాడు. కానీ నాపరాయిని వేలి కణుపుతో ఒక్కసారి తట్టి, ఆ చప్పుడు విని, కంటికి కనపడని బీట ఎక్కడుందో చూపించేవాడు. వాడి చేత తట్టించాకే నాన్న రాయిని బండికెత్తేవాడు.

వాడికి పంతొమ్మిదేళ్ళప్పుడు గుంటూరులో ఒక డాక్టరుకు చూపించాం. ఆటిజం అన్నాడాయన. మేం ఎన్నడూ వినని మాట. ఇది పిచ్చి కాదని, పుట్టుకతో వచ్చిన తీరు అని ఓపిగ్గా చెప్పాడు. శబ్దాలు వాడికి మనకంటే ఎంతో గట్టిగా తగులుతాయని, పనిలో పెట్టుకునేవాళ్ళకు ఈ సంగతి ముందే తెలియాలని ఒక కాగితం రాసిచ్చాడు. దాన్ని నా దగ్గరే పెట్టుకున్నాను.

మరుసటి ఏడు ఒక పాలిషింగ్ ఫ్యాక్టరీలో మనుషులు కావాలన్నారు. యార్డులో రాళ్ళు తట్టి బీటలు చూసే పని కూడా ఉందని తెలిసి, తమ్ముడు వారం రోజులు అదే మాట. ఫ్యాక్టరీకి నడిచిపోతుంటే దారిలో ఆగాడు.

“అన్నా, కాయితం ఇయ్యి. నేనే చూపిస్తా.”

“ఎందుకురా?”

“మోత కాడ పెట్టొద్దని అందులో ఉందిగా. యార్డు పనైతే నేను చేస్తా.”

“నువ్వేం మాట్టాడమాక. నేను చూసుకుంటా.”

కాగితం నా జేబులోనే ఉంది. ఎందుకు ఇవ్వలేదు? అప్పుడు నాకు బెల్లంకొండ వైపు సంబంధం కుదిరేటట్టుంది. ఫ్యాక్టరీ యజమాని, ఆ పిల్ల తండ్రికి దగ్గరి చుట్టం. ఆ ఇంట్లో పిచ్చి ఉందట అన్న మాట ఆయన నోట బయలుదేరితే ఎక్కడిదాకా పోతుందో నాకు తెలుసు. వాడి మేలు కోసమే దాచానని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను, నిజం చెబితే వాడికి పనివ్వరేమోనని భయపడిన మాట కూడా అబద్ధం కాదు, కానీ ఆ రెండు భయాల్లో ఏది ముందు పుట్టిందని ఎవరైనా నిలదీస్తే నేను తల దించుకోవలసిందే.

యజమాని తమ్ముడి పేరడిగాడు. వాడు గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన మళ్ళీ అడిగాడు.

“కొంచెం చెవుడండీ” అన్నాను.

మా దగ్గర చెవుడు తప్పు కాదు. మిషన్ల దగ్గర ఏళ్ళ తరబడి చేసినవాళ్ళలో చాలామందికి సరిగా వినపడదు. దానికోసం ఎవరూ సంబంధం వదులుకోరు.

“నాకు చెవుడు లేదు” అన్నాడు తమ్ముడు.

“చెవిటోళ్ళందరూ అట్టనే అంటార్లే” అని యజమాని నవ్వాడు.

మంచి మనిషే. చెవిటివాడికి మోత బాధ ఉండదుగా అని, అందరూ తప్పించుకునే కటింగ్ మిషను పక్కన వాడికి పనిచ్చాడు. ఇక రాళ్ళు తట్టి వినే పని చెవిటివాడికి ఎవరిస్తారు? నోటికొచ్చిన ఒక్క అబద్ధంతో, వాడు చెయ్యగలిగిన పని పోగొట్టి, చెయ్యలేని పని అంటగట్టాను.

పది నెలలు చేశాడు. చెవుల్లో దూది పెట్టుకుంటే, చెవిటోడికి దూదేందిరా అని పనివాళ్ళు ఆటపట్టించారు. వాడికి వినపడాలని చెవి దగ్గర నోరు పెట్టి అరిచేవాళ్ళు, సాయం చేస్తున్నామనుకుని. ఇంటికొచ్చి గోడకు నుదురు ఆనించి కూర్చునేవాడు. అన్నం ముట్టేవాడు కాదు. అమ్మ దిగులుపడితే, అలవాటవుతుందిలే అన్నాను. ఆ నెలల్లోనే నా పెళ్ళయింది. ఒకరోజు తమ్ముడు మిషను ఆపేసి కింద కూర్చున్నాడట, ఎవరు లేపినా లేవలేదట. పొగరని పనిలోంచి తీసేశారు.

ఇంతవరకే అయితే తొందరపాటు అనుకుని ఎలాగో సర్దిచెప్పుకునేవాణ్ణి. అసలు చెప్పవలసింది తర్వాతది.

రెండు నెలలకు ఆ యజమాని మా ఇంటికి వచ్చాడు. పెళ్ళితో నాకు మామ వరసయ్యాడు. బీటలున్నాయని సరుకు తిరిగొస్తోందని, రాయి తట్టి చెప్పగలిగినవాడు ఎవడైనా ఉంటే చెప్పమని అడిగాడు. ఆయన కాఫీ తాగినంతసేపూ నాకు ఆలోచించుకునే తీరిక ఉంది. తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు. ఒక్క మాట చాలు. కానీ ఆ మాట అనాలంటే ముందు, నేను మీకు అబద్ధం చెప్పానని అనాలి.

“అట్టాంటోళ్ళు ఎవరూ లేరు మామా” అన్నాను.

ఆయన వెళ్ళాక డాక్టరు కాగితం పొయ్యిలో వేశాను. తమ్ముడు అడిగితే బస్సులో పోయిందని చెప్పాను.

ఆ తర్వాత వాడు ఏ పనికీ వెళ్ళలేదు. రాళ్ళు తట్టడం కూడా మానేశాడు. ఇప్పటికీ నా ఇంట్లోనే ఉంటాడు. తమ్ముణ్ణి కళ్ళలో పెట్టుకుని చూసుకుంటున్నాడని నన్ను ఊరంతా మెచ్చుకుంటుంది. ఆ మెచ్చుకోలు విన్న ప్రతిసారీ నిజం చెప్పేయాలనిపించింది. ఒక్కసారీ చెప్పలేదు. ఎందుకని? వాళ్ళు మెచ్చుకోవడం నాకు ఇష్టం కనుక.

ఇక్కడిదాకా రాసి, నిన్న మధ్యాహ్నం వాడికి చదివి వినిపించాను. పక్కకు తిరిగి కూర్చుని విన్నాడు. మామ మా ఇంటికొచ్చిన దగ్గర చదవడం ఆపేశాను. మిగతాది వాడే చెప్పాడు.

“ఎవరూ లేరన్నావు. లోపలి గదిలో ఉన్నాగా. ఇనపడింది.”

ఇన్నేళ్ళూ వాడికి తెలుసు. తెలిసే నా పక్కన కూర్చుని అన్నం తిన్నాడు. క్షమించమని నేను అడగలేదు, అడిగే మొహం లేదు. మిగిలిన కాగితం చేతిలోకి తీసుకుని ఒక్క వాక్యం కూడా వదలకుండా పైకి చదివాను. గుండె తేలికైంది. నాకే. వాడికి ఏమయిందో నాకు తెలియదు.