డాక్టరు చేతికి గాజు

కేతేపల్లి చుట్టుపక్కల ఊళ్లలో జులేఖా అడుగు పెట్టని వాకిలి లేదు. ఇరవై ఏళ్లుగా గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరూ తిరుగుతోంది. నాట్లు వేసి వేసి మొద్దుబారిన చేతులైనా సరే, ఆమె తొడిగితే గాజు చిట్లదని పేరు. దీపం కిందే చీకటన్నట్టు, అంత పనితనమున్న మనిషికి కన్నకూతురి చెవిని ఒక డాక్టరుకు చూపించడం మాత్రం చేతకాలేదు.

కూతురు జేబాకు తొమ్మిదేళ్లు. ఆటిజం అని ఐదో ఏట తేలింది. మాటలు రావు. తెలియని చెయ్యి తగిలితే ఒళ్లు కాలినట్టు అరుస్తుంది. పది రోజులుగా కుడి చెవి మీద అరచేత్తో కొట్టుకుంటోంది, అన్నం సరిగా తినడం లేదు. ఇద్దరు డాక్టర్ల దగ్గరికి తీసుకెళ్తే ఇద్దరిదీ ఒకటే మాట: "కాళ్లు చేతులు గట్టిగ పట్టుకోండి." పట్టుకున్నారు. పిల్ల ఒకరి చెయ్యి కొరికింది, చెవి చూడటం మాత్రం కాలేదు. మాట రాని పిల్లకు వినికిడి కూడా పోతుందేమోనని తల్లికి ఒకటే బెంగ.

అప్పుడే నల్లగొండలో, ఇట్లాంటి పిల్లలను ఎలా చూడాలో డాక్టర్లకు రెండు రోజుల శిక్షణ పెట్టారు. నడిపేది పిల్లల డాక్టరు మనస్విని. ఆమె తల్లులను కూడా రమ్మంది. జులేఖా వెళ్లింది పాఠం చెప్పడానికి కాదు, ఎవరో ఒకరు చెవి చూడకపోతారా అని. భర్త ఫహీం జేబాతో వరండాలో కూర్చున్నాడు. లోపల తెర మీద బొమ్మలు, నోరు తిరగని మాటలు. జులేఖా ఆవులింతలు ఆపుకోలేక తంటాలు పడింది.

మధ్యాహ్నం మనస్విని ఆమెను లేపింది. "జులేఖమ్మా, దవాఖానల నీ బిడ్డకు ఏది కష్టమైతాందో జర చెప్తవా?"

మాటల్లో చెప్పడం రానప్పుడు ఎవరైనా తమకొచ్చిన పనే చేస్తారు. సంచిలోంచి గాజులు తీసి, ముందు వరుసలోని కుర్ర డాక్టరు శివకృష్ణను చెయ్యి ఇమ్మంది. హాలంతా గొల్లుమంది. మగవాడికి గాజులు తొడుగుతానంటే నవ్వరా మరి! శివకృష్ణ ముఖం కందిపోయినా చెయ్యి చాచాడు.

ఆమె ఆ చెయ్యిని ఒక్కసారిగా గుంజింది. అతను బిగపట్టాడు.

"చూసిండ్రా? గిప్పుడు తోస్తె గాజు చిట్లుతది, చెయ్యి తెగుతది. నేను గట్ల చెయ్య. మొదాలు గాజును చేతికిస్త. నా చేతికి ఏసుకొని చూపిస్త. మొకం దిక్కు చూడ, చెయ్యి దిక్కే చూస్త. మెత్తవడేదాక ఆగుత."

ఆగింది. గాజు తేలిగ్గా ఎక్కింది.

ఊరందరి చేతులకూ పట్టిన ఓపిక తన బిడ్డ దగ్గర ఏమైంది? జులేఖాకు సిగ్గేసింది. ఆ మాటా దాచలేదు.

"నా బిడ్డకు గిట్ల ఒక్కపారి గూడ చెయ్యలే సారూ. వాళ్లు పట్టుమంటే నేనే కాళ్లు వట్టిన."

"నేను చూస్తనమ్మా. ఎంతసేపైనా ఆగుత," అన్నాడు శివకృష్ణ.

పక్క గదిలో తెల్లకోటు విప్పేసి, జేబాకు కాస్త దూరంగా నేల మీద కూర్చున్నాడు. బంగారం అని బుగ్గ గిల్లలేదు, చాక్లెట్ చూపలేదు. చెవిలో చూసే టార్చిని ఆమె ముందు పెట్టి ఊరుకున్నాడు. జేబా దాన్ని తీసుకుని వెలిగించి ఆర్పి, వెలిగించి ఆర్పి, అరగంట గడిపింది. మధ్యలో దాన్ని అడిగి తీసుకుని తల్లి చెవి చూశాడు, తండ్రి చెవి చూశాడు, మళ్లీ పిల్లకే ఇచ్చాడు. గుమ్మంలో మూగిన డాక్టర్లను మనస్విని దూరంగా నిలబెట్టింది.

ఇంకాసేపటికి జేబా టార్చిని అతని చేతిలో పెట్టి, తల పక్కకు వంచింది.

"చీము వట్టింది. లోపల పొర మంచిగనే ఉందమ్మా. మందుతోని తక్కువైతది. వినికిడికి ఫికర్ లేదు," అన్నాడతను చెవిలోకి చూసి. జులేఖాకు పది రోజుల బరువు దిగినట్టయింది.

అతను లేవబోయాడు. జేబా అతని చొక్కా చెయ్యి పట్టుకుని లాగి, రెండో చెవి చూపించింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల ఒక డాక్టరును తనంతట తాను ముట్టుకోవడం అదే మొదలు. జులేఖా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

శివకృష్ణ మళ్లీ కూర్చుని, ఏ నొప్పీ లేని ఆ చెవిని కూడా అంతే శ్రద్ధగా చూశాడు.