అత్త కట్టిన జోలపాట

కింది ఫ్లాట్‌లో ఎవరో పసిబిడ్డకు తలంటి సాంబ్రాణి పొగ వేస్తున్నట్టున్నారు. ఆ వాసన మెట్లెక్కి వచ్చి నా బల్ల చుట్టూ తిరిగేసరికి రాస్తున్న వాక్యం సగంలో ఆగిపోయింది. మైపాడు దారిలోని మా సువార్తత్త ఇంట్లో, తడిజుట్టు పసిదాన్ని ఒళ్లో పెట్టుకుని నేను మళ్లీ కూర్చున్నాను.

సువార్తత్త మా నాన్నకు చెల్లెలు. అమ్మానాన్నలు నెల్లూరులో ఉద్యోగాలు చేసుకుంటుంటే నేను ఆమె దగ్గరే పెరిగాను. ఒకవైపు వరిమళ్లు, ఇంకోవైపు సరుగుడు తోపు, ఆ తోపు వెనక కనబడకుండా రోజంతా హోరుమనే సముద్రం. ఎండాకాలం పచ్చిమామిడి ముక్కలు వేసి కాచిన చేపల పులుసు రెండోరోజుకు గడ్డకట్టి మరింత రుచెక్కేది. క్రిస్మస్ దగ్గరపడితే గులాబీపువ్వుల అచ్చు కాగే నూనెలో ముంచుతూ అత్త కొత్త పాట కూనిరాగం తీసేది. ఆమె పాటలు కట్టేది. చేటలో బియ్యం ఏరుతూ ఒక మాట అనుకునేది, తల అడ్డంగా ఊపేది, మట్టిగడ్డను పారేసినట్టు ఆ మాటను పారేసి మరొకటి వెతుక్కునేది. రాయడమంటే ఏమిటో నేను మొదట చూసింది ఆ చేట దగ్గరే.

పెళ్లయిన చాలా ఏళ్లకు ఆమెకు ఆడపిల్ల పుట్టింది. ఎస్తేరు అని పేరు పెట్టారు. దూలానికి పాతచీర ఉయ్యాల కట్టి, ఆ పసిదానికోసం అత్త ఒక జోలపాట కట్టింది.

"ఉప్పుగాలీ మెల్లగ రావే, పాప కన్ను మూసేనూ
సముద్రమా సద్దుచేయకే, మా ఎస్తేరు నిదరోయేనూ..."

పక్కింటి కోటమ్మకు కూడా ఆ రోజుల్లోనే లక్ష్మి పుట్టింది. వాళ్లది సేద్యగాళ్ల కుటుంబం. ఒకరోజు ఆమె దడి మీదుగా అడిగింది. "నీ పాట బాగుంది మే. మా బిడ్డకు గూడా పాడుకోనా?"

"పాడుకో. పాటేమన్నా అరిగిపోతాదా?" అంది అత్త నవ్వుతూ.

కోటమ్మ దగ్గర నేర్చుకుని ఇంకొకరు, వాళ్ల దగ్గర మరొకరు. కొన్నాళ్లకు మధ్యాహ్నమైతే వీధిలో ఏ ఉయ్యాల ఊగినా ఎస్తేరు పేరుతో సహా అదే పాట. అత్త దండెం దగ్గర తడిబట్ట పిండడం మరిచిపోయి, నీళ్లు పాదాల మీద కారుతుంటే అలాగే నిలబడి వినేది. ఆ ముఖంలోని వెలుగు తర్వాత ఏ సభావేదిక మీదా నాకు కనబడలేదు.

ఆ నవంబరులో వాయుగుండం పట్టింది. ఎస్తేరుకు జ్వరమొచ్చింది. వాగు పొంగి నెల్లూరు దారి మునిగిపోయింది. మామ బిడ్డను భుజాన వేసుకుని నడుములోతు నీళ్లలో దిగి వెళ్లాడు. పొద్దుగూకకముందే, అలాగే భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. ఇక తొందరపడాల్సిన పని లేనివాడిలా మెల్లగా నడిచి వచ్చాడు.

ఆ తర్వాత వీధిలో ఎవరూ ఆ పాట పాడలేదు. మధ్యాహ్నాలు పసిపిల్లల ఏడుపులు మాత్రం వినబడేవి. ఒకరోజు లక్ష్మి గుక్కపట్టి ఏడుస్తోంది. గోడకు ఆనుకుని కూర్చున్న అత్త ఉన్నట్టుండి లేచి పక్కింటికి నడిచింది. నేనూ వెనకే వెళ్లాను.

"ఏం మే కోటమ్మా, బిడ్డ అంతసేపటినించి ఏడస్తా ఉంటే ఊరకున్నావేంది? పాడు."

కోటమ్మ కళ్లొత్తుకుంది. "నీకు వినబడతాదని... నోరు రాలేదు సువార్తా."

"వినబడనీ. ఎస్తేరు పేరు తీసేసి నీ బిడ్డ పేరు పెట్టుకో."

కోటమ్మ పాడింది. పేరు వచ్చేచోట ఆగిపోయింది. అత్తే "లక్ష్మీ" అని అందించి, ఉయ్యాలను చేత్తో ఊపింది. బిడ్డ నిద్రపోయేదాకా అక్కడే నిలబడి, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత ఆమె ఇంకో పాట కట్టలేదు. క్రిస్మస్‌కు పిల్లలం అడిగితే "రావడంల్యా తల్లీ" అనేది.

అత్త పోయి చాలా ఏళ్లయింది. నిరుడు నా కథల పుస్తకానికి బహుమతి ఇచ్చారు. శాలువా కప్పారు, నా గురించి పెద్దలు చాలాసేపు మాట్లాడారు. మర్నాడు ఎందుకో ఊరికి వెళ్లాను. వరిమళ్లు రొయ్యల గుంతలయ్యాయి. వాటిలో తిరిగే యంత్రాల రొదకు సముద్రం వినబడటం లేదు. కోటమ్మ కూడా లేదు. లక్ష్మి ఇప్పుడు అమ్మమ్మ. మనవడు ప్లాస్టిక్ ఉయ్యాల్లో ఉన్నాడు, పక్కన ఫోన్‌లో ఏదో పాట మోగుతోంది.

చిన్నప్పటి జోలపాట గుర్తుందా అని అడిగాను. "ఉప్పుగాలీ మెల్లగ రావే... మా యమ్మ పాడేది," అని రెండు వరసలు పాడి ఆగింది. "తర్వాతేందో గుర్తుల్యా అక్కా."

"అది మా అత్త కట్టింది," అన్నాను.

లక్ష్మి నావైపు వింతగా చూసింది. "దాన్ని ఒకరు కట్టేదేంది అక్కా? అది ముందునించీ ఉండేదే గదా!"

నేను రాసిన ఏ ఒక్క వాక్యం గురించీ ఎవరూ అంతటి మాట అనలేదు. ఆ మాట వినడానికి అత్త లేదు. ఆమె పేరు ఆ ఇంట్లో లేదు, ఎస్తేరు పేరూ లేదు. మిగిలిన వరసల కోసం లక్ష్మీ నేనూ పెదాలు కదుపుతూ చాలాసేపు వెతుక్కున్నాం. ఇద్దరికీ రాలేదు. ఫోన్‌లో పాట అయిపోయి దానంతటదే ఇంకో పాట మొదలైంది. పిల్లవాడు అప్పటికే నిద్రపోయాడు.