వెనకడుగుల ఒమేర్

ఒమేర్ దెలోబెల్ వెనక్కి నడుస్తాడు. తాగి కాదు, జబ్బు చేసీ కాదు. ఆర్దెంబూర్ చూడవచ్చిన వాళ్లను వెంటబెట్టుకుని ఊరంతా తిప్పి చూపించడం అతని పని. ఆ పనిలో ఉన్నంతసేపూ అతని మొహం జనం వైపు, వీపు ఊరి వైపు. అరవై దాటిన మనిషి, ముందుకు పొడుచుకొచ్చిన పొట్ట, మెడకు ఎర్ర మఫ్లరు, గంట గోపురం దాకా వినిపించే గొంతు. శనివారం సంతలో ఆ వీపు కనబడితే చాలు, “వస్తున్నాడర్రోయ్!” అని కేక పుట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి పాకిపోయేది.

కేకలు వేసీ లాభం లేదు. ఉల్లికాడల కట్టల మీద పడ్డాడు. ఆల్చిప్పల తొట్టెలో కూర్చున్నాడు. ఒకసారి మేయరు కార్యాలయం మెట్ల దగ్గర పెళ్లివాళ్ల గుంపులోకి వెనక్కి వెనక్కి వెళ్లిపోయి, పెళ్లికొడుక్కీ పెళ్లికూతురికీ మధ్య ఫోటోలో పడ్డాడు. ఆ ఫోటో ఇప్పటికీ వాళ్లింట్లో గోడ మీదే ఉంది. ముగ్గుర్లోకీ ఒమేర్ నవ్వే బావుంటుంది.

పడ్డవాడు సిగ్గుపడాలా వద్దా? ఒమేర్ టోపీ మీది ఉల్లిపొట్టు దులుపుకుని, ఆగిన వాక్యాన్ని ఆగిన మాట దగ్గరే అందుకునేవాడు. “...అప్పుడు స్పెయిన్ సైనికులు సరిగ్గా ఈ వీధిలోంచే పారిపోయారు!”

“నిన్ను చూసేనా?” అనేది జున్ను అమ్మే లియోకాది. “ఏం ఒమేరూ, వీధి నా కొట్టులోంచి పోతోందా ఏం?”

“పోదే లియోకాదీ. నీ జున్ను వాసన చెయ్యి పట్టుకుని లాగింది.”

వెనక్కి ఎందుకు నడుస్తావయ్యా అంటే అడిగిన మనిషిని బట్టి జవాబు ఉండేది. చర్చి ఫాదరుతో, ముందుకు నడిస్తే గర్వం పెరుగుతుందనేవాడు. డాక్టరుతో, మోకాళ్లకు మంచిదనేవాడు. భార్యతో మాత్రం, నువ్వు వెంట పడుతున్నావేమో చూసుకోవాలి కదా అనేవాడు.

ఆ ఏడాది పర్యాటక కార్యాలయానికి లీల్ నగరం నుంచి సొలాంజ్ అనే కొత్త అధికారిణి వచ్చింది. చురుకైన మనిషి. పట్టిన పని వదలదు. ఆమె కుర్చీలో కూర్చున్న మర్నాడే పింగాణీ సామాన్ల వ్యాపారి ఒకాయన ఒమేర్ మీద పడి పగలగొట్టిన సూపు గిన్నె చంకలో పెట్టుకుని ఏడుస్తూ వచ్చాడు. ఆ వెనకే ఉపమేయరు వచ్చాడు. “వాడు సరిగ్గా నడవాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి. ఏదో ఒకటి తేల్చమ్మా,” అన్నాడు.

సొలాంజ్ ఒమేర్‌ను పిలిపించింది. “ఒమేర్ గారూ, దేవుడు మనిషికి పాదాలు ముందు వైపుకే ఎందుకు పెట్టాడంటారు?”

“తన్నడానికమ్మా.”

సొలాంజ్ నవ్వు ఆపుకుంది. “శనివారం మీతో నేనూ వస్తాను. గుంపులో అందరికంటే వెనక నడుస్తాను. నా కళ్లతో చూశాకే తేలుస్తాను.”

శుక్రవారం వాన కురిసింది. గంట గోపురం మెట్ల మీద సొలాంజ్ జారింది. చీలమండ బెణికి బూరెలా పొంగింది. అయినా అన్న మాట అన్నదే కాబట్టి, శనివారం కాలికి పట్టీ చుట్టుకుని, పైకి పొడుగాటి బూటు తొడుక్కుని బయలుదేరింది.

వంతెన దగ్గరికి వచ్చేసరికే ఆమె వెనకబడింది. ముందున్నవాళ్లు గబగబా పోతున్నారు. కేకేసి ఆపుదామంటే నామోషీ. పళ్లు బిగించి రెండడుగులు వేసిందో లేదో, ముందు దభేల్మని చప్పుడు! ఒమేర్ బీరు పీపాకు తగిలి దాని మీద వెల్లకిలా పడ్డాడు. జనం నవ్వారు, లేవదీశారు, కోటు దులిపారు. ఈలోగా సొలాంజ్ తాపీగా వాళ్లను కలుసుకుంది.

చర్మకారుల వీధి ఎత్తులో మళ్లీ వెనకబడింది. మళ్లీ చప్పుడు. ఈసారి పూల బకెట్లు.

చేపల వీధిలో నొప్పి నషాళానికి అంటింది. గోడ పట్టుకుని నిలబడిపోయి తలెత్తి చూసింది. దూరం నుంచి ఒమేర్ కళ్లు సూటిగా ఆమె బూటు మీద ఉన్నాయి. అతని వెనక వీధి ఖాళీ. కాఫీ కొట్టు కుర్చీలు ఎక్కడో ఎడమ పక్కన ఉన్నాయి. ఒమేర్ ఓరకంట వాటిని చూసుకున్నాడు, మాట ఆపకుండానే మెల్లగా పక్కకు జరిగాడు, జరిగి, హాయిగా వాటి మీద కూలబడ్డాడు.

సొలాంజ్‌కు నొప్పి మర్చిపోయేంత ఆశ్చర్యం వేసింది.

గుంపు వెళ్లిపోయాక లియోకాది కొట్టు దగ్గర అతన్ని పట్టుకుంది. “మీరు కావాలనే పడుతున్నారు!”

“ఎవరమ్మా అన్నది? నాకు నడక చేతకాదని ఊరంతా చెబుతుంది.”

“నేను చూశాను. వెతుక్కుని మరీ పడ్డారు.”

ఒమేర్ అటూ ఇటూ చూసి, ఎన్నడూ లేనంత గొంతు తగ్గించాడు. “‘కాస్త ఆగండి, వెనక ఒకావిడ కుంటుతోంది’ అన్నాననుకో. అందరూ తిరిగి నీ కాలు చూస్తారు. ఇక నువ్వు ఏ ఊరూ చూడబోవు. అదే నేను పడితే నన్ను చూస్తారు. నాకేం పోయింది? నవ్వితే నేనూ కలుస్తాను.”

“మరి ఈవిడకు తెలుసా?”

“తెలియకేం?” అంది లియోకాది. “ఖాళీ పెట్టెలు దారిలో పేర్చేది నా సరదాకనుకున్నావా? పింగాణీ ఆయన కొత్తవాడు, ఇంకా పాఠం రాలేదు.”

సోమవారం సొలాంజ్ ఉపమేయరుతో ఠపీమని చెప్పేసింది. “తేల్చాను సార్. పింగాణీ కొట్టుకు వంతెన అవతల మంచి చోటు చూపించాను. ఆయన ఒప్పుకున్నాడు.”

“మరి వాడి నడక?”

“అమోఘం సార్. మార్చవలసినదేమీ లేదు.”

కాలు నయమయ్యాక కూడా ఆమె అప్పుడప్పుడూ గుంపు వెంట వెళ్లేది. ఒక ఉదయం ఎత్తు వీధిలో ఒక పెద్దాయన ఆయాసపడుతూ చేతికర్ర మీద ఆగిపోయాడు. ఒమేర్ ఎడమకు చూశాడు, కుడికి చూశాడు. మునిసిపాలిటీవాళ్లు అప్పుడే ఊడ్చి వెళ్లిన వీధి. పడడానికి ఒక్క బుట్ట లేదు.

సొలాంజ్ చేతిలోని కరపత్రాల కట్టను గాల్లోకి వదిలి, “అమ్మో!” అని అరుస్తూ దీపస్తంభాన్ని కావలించుకుని జారి కూర్చుంది. జనమంతా నవ్వుతూ కాగితాల వెనక పరిగెత్తారు. పెద్దాయన నింపాదిగా ఎక్కి వచ్చి, తనూ వంగి ఒక కాగితం తీసి ఆమె చేతికిచ్చాడు.

ఒమేర్ ఆమెను లేవదీస్తూ చెవిలో గొణిగాడు. “ఆ ‘అమ్మో’ ముందే అనేశావు తల్లీ. పడ్డాక అనాలి. రేపు తీరిగ్గా రా, నేర్పిస్తాను.”