చైనా నాయనమ్మ పాదాలకు పసుపు

తడి పసుపు వాసన తగిలితే నాకు బూన్ లే అనే పేటలో మా బడే గుర్తొస్తుంది. కంప్యూటర్ ఉద్యోగాలకని మనవాళ్ళు సింగపూర్‌లో గుంపులుగా దిగుతున్న రోజులవి. నేను నల్లగా ఉన్నానని మా క్లాసు చైనా పిల్ల మేలిన్ వరుసలో నా చెయ్యి పట్టుకునేది కాదు.

అన్ని జాతులూ కలవాలని బడిలో పండుగ పెట్టారు. మా అమ్మ నేల మీద కూర్చుని, వచ్చిన ఆడవాళ్ళందరి పాదాలకూ పేరంటంలోలాగా పసుపు రాసింది. మనం తక్కువవాళ్ళం కాబట్టే కాళ్ళు పట్టుకుంటోందనుకుని నేను సిగ్గుతో చచ్చిపోయాను.

అంతలో మేలిన్ నాయనమ్మ వచ్చి కూర్చుంది.

"అంకుల్ రాలేదా?" అని మా పక్క ఫ్లాటు ఆంటీ ఆమెను ఇంగ్లీషులో అడిగింది.

"ఆయన పోయి చాలా ఏళ్ళయింది లా!" అని ముసలమ్మ అక్కడి యాసలో చెప్పి నవ్వింది.

ఆంటీ గబుక్కున అమ్మ చెయ్యి ఆపింది. "వద్దొదినా, మొగుడు పోయినామెకు పసుపేంటి?"

"ఈమెను వద్దంటే, నా బిడ్డ చెయ్యి ముట్టుకోనోళ్ళకీ మనకీ ఇంక తేడా ఏముంది?" అంటూ అమ్మ ఆ పాదాలను ఒళ్ళోకి తీసుకుంది. మడమల దాకా నిండుగా రాసింది. మేలిన్, నేనూ నోళ్ళు తెరుచుకుని చూశాం.

ఎన్నో ఏళ్ళ తర్వాత, మా ఆయన పోయాక నన్ను పేరంటాలకు పిలవడం మానేశారు. అప్పుడు తెలిసింది నాకు అమ్మ మాట ఎంత పెద్దదో. ఆమె జన్మలో బడి గడప తొక్కింది ఆ ఒక్క రోజే.