గదికి ఒకరికి చెబితే చాలు

నేను రిటైరయ్యే ముందు ఏడాది, జూలై నెలలో, మా కంపెనీ నన్ను వియత్నాం టూరుకి మేనేజరుగా వేసింది. కాకినాడలోని ఆ చిన్న ట్రావెల్స్‌లో నేను పాతికేళ్ళ పైచిలుకు పనిచేశాను. మొదట్లో కాశీ, రామేశ్వరం బస్సులు, తర్వాత కొలంబో, సింగపూర్ విమానాలు. నాది యానాం. అందుకని యానాం జనం ఎక్కువున్న టూరు ఏదైనా నా నెత్తినే పడేది. తిట్టాలనిపించినప్పుడు తెలిసిన మొహమైతే జనానికి సుఖంగా ఉంటుందని మా యజమాని అభిప్రాయం.

టూర్ మేనేజరంటే గైడని చాలామంది అనుకుంటారు. గైడు ఆ దేశం మనిషి. ఊరు చూపిస్తూ కథలు చెప్తాడు. మేనేజరు ఇక్కణ్ణుంచి వెళ్ళి, ఎంతమందిని తీసుకెళ్ళాడో అంతమందినీ తిరిగి తీసుకొస్తాడు. కథ బాగోకపోతే జనం మర్చిపోతారు గానీ మనిషి తగ్గితే మర్చిపోరు. అందుకని మా పనిలో సగం తలలు లెక్కపెట్టడమే. బస్సు ఎక్కినప్పుడు, దిగినప్పుడు, భోజనం దగ్గర, చివరికి ఫోటోలు తీసుకునేటప్పుడు కూడా నేను ఫోటో చూడను, తలలు చూస్తాను.

మా కంపెనీలో ఇంకో పద్ధతి ఉండేది. హోటల్లో గదికి ఇద్దరు చొప్పున ఉంటారు కాబట్టి, ఏ కబురైనా గదికి ఒకరికి చెబితే చాలు. రెండోవారికి మొదటివారు చెప్తారు. దీనివల్ల మేనేజరు గొంతు సగం మిగులుతుందని యజమాని కనిపెట్టాడు.

ఆ టూరుకి ఇరవై రెండు మంది. అందులో మంగతాయారు గారు, సత్యవేణి గారు అని మా యానాంలోని మెట్టకూరు నుంచి ఇద్దరు తోడికోడళ్ళు. ఇద్దరి భర్తలూ పోయారు. రెండిళ్ళకీ మధ్య ఒక్కటే గోడ. ఏళ్ళ తరబడి ఇద్దరికీ మాటల్లేవు. విడివిడిగా వచ్చి డబ్బు కట్టారు. ఒకరు వస్తున్నారని రెండోవారికి తెలిశాక కూడా ఎవరూ వెనక్కి తగ్గలేదు. తగ్గితే ఊళ్ళో ఓడిపోయినట్టు. ఇంటిపేరు ఒకటే, వీధి ఒకటే అని ఆఫీసులో కుర్రాళ్ళు సంతోషంగా ఇద్దర్నీ ఒకే గదిలో వేశారు. నేను చూసేసరికి మార్చడానికి గది మిగల్లేదు.

గొడవ ఏమిటంటే, పెద్దావిడ మంగతాయారు గారి కూతురి పెళ్ళిలో, మగపెళ్ళివారి పంక్తికి చిన్నావిడ పులుసు వడ్డిస్తూంటే, పెద్దావిడ ఆమె చేతిలోంచి గరిటె తీసేసుకున్నారు. అంతే. గిన్నె కాలుతోందని తీసుకున్నానని ఈవిడ. నలుగురిలో లాక్కుందని ఆవిడ. టూరు మొదటి రోజే ఇద్దరూ విడివిడిగా ఈ సంగతి నాకు చెప్పారు. నేను ఇద్దరికీ తలూపాను. అది కూడా ఉద్యోగంలో భాగమే.

ఆ వారమంతా నేను తెలుగు నుంచి తెలుగులోకి అనువాదకుడిగా పనిచేశాను. గదిలోంచి మంగతాయారు గారు ఫోను చేసేవారు.

"మేనేజరు గారండీ, ఆవిణ్ణి ఏసీ తగ్గించమనండి. నాకు కాళ్ళు లాగేత్తన్నాయి."

ఆవిడ పక్క మంచం మీదే ఉన్నారు కదా, ఫోను ఆవిడకివ్వండి అనేవాణ్ణి. ఫోను తన చేత్తో ఇవ్వనని, నన్నే ఆవిడకి వేరే చేసుకోమని చెప్పేవారు. నేను చేసేవాణ్ణి. చిన్నావిడ ఎత్తి, విన్నానని ఆవిడకి చెప్పండి అనేవారు. ఆ మాట పెద్దావిడకి నేరుగా వినబడేది కూడా. అయినా నేను మళ్ళీ ఫోను చేసి చెప్పేవాణ్ణి. ఈ గది ఒక్కదానికీ నేను కంపెనీ పద్ధతి పక్కనబెట్టి, ప్రతి కబురూ ఇద్దరికీ విడివిడిగా చెప్పాను.

ఆఖరి రోజు సైగాన్‌లో. ఇప్పుడు దాని పేరు వేరు గానీ మన యానాంలో పెద్దవాళ్ళు సైగాన్ అనే అంటారు, రెండూళ్ళూ ఫ్రెంచివాళ్ళ కింద ఉన్న రోజుల్లో కొందరి తాతలు అక్కడ కొలువు చేసినవాళ్ళు. పొద్దున్న పాత అధ్యక్ష భవనం చూశాం, పెద్ద చర్చి బయటినుంచి చూశాం, నది చూశాం. గోదారంత లేదని అందరూ ఏకగ్రీవంగా తేల్చారు. మధ్యాహ్నం బెన్ థాన్ మార్కెట్లో ఫ్రీ టైము, అంటే ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు తిరిగి కొనుక్కునే సమయం. నాలుగింటికల్లా, ముందు గేటు మీద ఉన్న గడియారం కింద కలవాలి. అక్కణ్ణుంచి బస్సులో పాత పోస్టాఫీసుకి, ఆరింటికి విమానాశ్రయానికి. ఇది నేను మార్కెట్ ముందు నిలబడి అందరికీ చెప్పాను.

మూడింటికి ఒకాయనకి కొత్త బూట్లు కరిచి మడమ ఊడొచ్చినంత పనైంది. ఆయన్ని పట్టుకుని మందుల షాపు వెతుకుతూ నేను కాస్త దూరం వెళ్ళాను. ఈలోపు వాన దిగింది. గైడు లాన్ అనే అమ్మాయి ఫోను చేసింది. ముందు గేటు దగ్గర నీళ్ళు నిలిచాయి, బస్సు ఆపనివ్వడం లేదు, అరగంట ముందే అందర్నీ వెనక గేటుకి రమ్మనండి అంది. నేను ఫరంపేట జాన్ మాస్టారికి చేశాను. రిటైరైన హెడ్మాస్టరు, క్రమశిక్షణ గల మనిషి, ప్రయాణికుల్లో అక్కడి సిమ్ము ఉన్నది ఆయనొక్కడికే. కబురు అందరికీ చేరేయమన్నాను. ఆయన కంపెనీ పద్ధతి బాగా తెలిసినవాడు కాబట్టి గదికి ఒకరికి చొప్పున చెప్పి వచ్చాడు.

నేను మడమాయన్ని టాక్సీలో నేరుగా పోస్టాఫీసుకి తీసుకెళ్ళాను. మావాళ్ళు అప్పటికే ఆ పసుపు రంగు భవనంలో తిరుగుతున్నారు. ఇలాంటిది మన ఊళ్ళోనూ ఉంది, కాస్త చిన్నదంతే అని ఎవరో అంటున్నారు. నేను తలలు లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. మనిషి తక్కువ. లాన్‌ని అడిగితే, ఆ ఆంటీ కూడా మీతో మందుల షాపుకి వచ్చారనుకున్నాను అంది. సత్యవేణి గారు లేరు.

నేను మంగతాయారు గారి దగ్గరికి వెళ్ళాను. వెనక గేటు మాట మాస్టారు మీకు చెప్పారా అని అడిగాను. చెప్పారు అన్నారు. మరి ఆవిడకి? 

"చూశానండి. ఎండు రొయ్యల కొట్టు దగ్గర నిలబడి నావైపే చూస్తంది. మాస్టారు చెప్తారులే, నా నోటితో నేనెందుకు చెప్పాలనుకున్నాను."

ఆవిడ చేతిలో ప్లాస్టిక్ సంచీ కింద పెట్టేసి, గుమ్మం దాకా వెళ్ళి వీధి అటూ ఇటూ చూసొచ్చారు. అన్నేళ్ళలో నేను చాలామంది ప్రయాణికుల భయం చూశాను. పాస్‌పోర్టు పోయినవాళ్ళూ, విమానం తప్పినవాళ్ళూ. ఈ భయం అలాంటిది కాదు. నాకు ఆవిడ మీద కోపం రావాలి, జాలి వచ్చింది.

మనిషి తప్పిపోతే చెయ్యవలసిన పని మాకు రాసిపెట్టి ఉంటుంది. విమానం వేళకి దొరక్కపోతే మేనేజరు గుంపుతో వెళ్ళిపోవాలి. గైడు ఉండిపోయి పోలీసు స్టేషన్లో చెప్పి, అక్కడి మన దేశపు రాయబార కార్యాలయానికి తెలియజేయాలి. సత్యవేణి గారి ఫోను హోటల్ వైఫైలో తప్ప పలకదు. మెడలో మా కంపెనీ కార్డు ఉంది, దానిమీద నా నంబరు ఉంది, కానీ ఆవిడకి ఎవర్నీ ఏమీ అడిగే అలవాటు లేదు. నేను పెద్దావిడకి ఈ పద్ధతి వివరించాను.

"మీరెక్కెయ్యండి విమానం. నేనెక్కను."

మీ ఇద్దరికీ మాటల్లేవు కదండీ అన్నాను. మర్యాద కాదు గానీ నోరు జారింది.

"మాటల్లేవు. మనిషుంది కదా."

గుంపుని లాన్‌కి, మాస్టారికి అప్పగించి, పెద్దావిడతో టాక్సీలో మార్కెట్‌కి వెళ్ళాను. గడియారం కింద మోకాలి లోతు నీళ్ళు, ఎవరూ లేరు. తప్పిపోయినవాళ్ళు తప్పిపోయిన చోటే కదలకుండా ఉండాలని నేను ప్రతి టూరు మొదట్లోనూ చెప్తాను. ఎవరూ ఉండరు. మార్కెట్ లోపల వెతుకుదామన్నాను. పెద్దావిడ కదల్లేదు.

"టైమెంతయ్యిందండీ?"

నాలుగున్నర దాటింది అన్నాను.

"అయితే కాఫీ కొట్లు చూడండి. నాలుగింటికి గోడవతల గ్లాసు చప్పుడవుద్దండి. ఏ రోజన్నా అవ్వలేదంటే తలనొప్పొచ్చి పడుకుందని నాకు తెలిసిపోద్ది. కాఫీ లేకుండా అది ఉండలేదు."

సైగాన్‌లో కాఫీ కొట్టు వెతకడమంటే మన దగ్గర కొబ్బరి చెట్టు వెతకడం లాంటిది. మూడు చూశాం. నాలుగోది రేకు పందిరి కింద, పొట్టి ప్లాస్టిక్ స్టూళ్ళు వేసిన చిన్న కొట్టు. ఓ మూల నీలం రెయిన్‌కోటులో సత్యవేణి గారు. ముందు గాజు గ్లాసు, దానిమీద చిల్లుల రేకు గిన్నె. అందులోంచి కాఫీ చుక్కా చుక్కా దిగుతోంది.

ఆవిడ మమ్మల్ని చూసి, కళ్ళు తుడుచుకుని, నాతో అన్నారు.

"ఇదేనా రావడం అని అడగండి ఆవిణ్ణి."

నేను అలవాటు ప్రకారం పెద్దావిడవైపు తిరిగి నోరు తెరిచాను. అప్పుడే లాన్ ఫోను చేసింది. వాన చప్పుడుకి వినబడక నేను పందిరి చివరికి వెళ్ళాను. బస్సు డ్రైవరు తొందరపడుతున్నాడట. మనిషి దొరికింది, ఆగమను అన్నాను. అంతటితో ఆ ఫోను అయిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే ఇద్దరి మధ్యా నేను లేను. కొట్టావిడకి తెలుగు రాదు. నేను ఫోను చెవి దగ్గరే ఉంచుకుని అక్కడే నిలబడ్డాను.

పెద్దావిడ కొంతసేపు నిలబడి, తర్వాత ఆ పొట్టి స్టూలు మీద కష్టపడి కూర్చున్నారు.

"వేణీ, నిన్ను చూసి కూడా చెప్పలేదే నేను."

"నేనూ నిన్నే చూస్తన్నాను కదక్కా. వారం నుంచీ నీ చీరెనకాలే నడుస్తన్నాను. ఆయన చెప్పే గేట్లూ గడియారాలూ నాకేం తెలుత్తాయి? నువ్వాగిన కాడ ఆగాను, నువ్వెక్కిన బస్సెక్కాను. ఇవాళ వానకి అందరూ నీలం కోట్లేసేసుకున్నారు. నువ్వే అనుకుని ఎవరెనకాలో పోయాను. మూడు కొట్లు తిరిగాకా ఎనక్కి తిరిగింది. కొరియా ఆవిడో ఏంటో. నవ్వింది పాపం."

పెద్దావిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు. తర్వాత అన్నారు.

"ఆ రోజు గరిటె..."

"గరిటె మాట ఇంటికెళ్ళాక. దాన్ని అంత తేలిగ్గా వదల్ను నేను."

"వదలకులే. ముందు లెగు, విమానం పోద్ది."

"కాఫీ ఇంకా దిగలేదు."

ఇద్దరూ ఆ గ్లాసు వంక చూస్తూ కూర్చున్నారు. ఆ కాఫీ దిగడానికి చాలాసేపు పట్టింది. మేనేజరుగా నేను వెళ్ళి తొందరపెట్టాలి. పెట్టలేదు. నాకు చాలా సంతోషమేసింది, దాచుకోవలసిన అవసరం కనబడలేదు. కాఫీ దిగాక చిన్నావిడ సగం తాగి, గ్లాసు పెద్దావిడ వైపు జరిపారు. చేదుగా ఉందని పెద్దావిడ నేరుగా ఆవిడకే చెప్పారు.

విమానంలో ఇద్దరి సీట్లూ నేనే జాగ్రత్తపడి చెరో చివర వేయించి ఉంచాను. కౌంటర్ దగ్గర ఇప్పుడు పక్కపక్కన కావాలన్నారు. పెద్దావిడ పక్క సీటు నాది, ఇచ్చేసి నేను చిట్టచివరి వరసకి వెళ్ళాను. గరిటె మాట ఇంటిదాకా ఆగలేదు. విమానం లేచిన కాసేపటికే మొదలైంది. ముందు వరసలోని విశాఖపట్నం ఆయన లేచొచ్చి, మీవాళ్ళని కాస్త నెమ్మదిగా మాట్లాడుకోమనండి సార్ అని నాకు ఫిర్యాదు చేశాడు. చూస్తానన్నాను. చూశాను, అంతకుమించి ఏమీ చెయ్యలేదు.

కాకినాడ వచ్చాక, కబురు గదికి కాదు, మనిషికి చెప్పాలని యజమానికి రాసిచ్చాను. సమయం రెట్టింపవుతుందని ఆయన ఒప్పుకోలేదు. నాకు మిగిలిన రెండు మూడు టూర్లలో నేను మాత్రం ప్రతి మనిషికీ విడిగా చెప్పాను. నిజంగానే సమయం రెట్టింపైంది. ఎవరైనా ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆవిడకి చెప్పండి, ఆయనకి చెప్పండి అని నన్ను పిలిస్తే మాత్రం, ఫోనొచ్చిందని చెప్పి బయటికి వెళ్ళడం నేర్చుకున్నాను.